మూత్రపిండములు ఫిర్యాదు చేయవు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువుకు గండి పడినచో ఊరంతయు పరుగెత్తును. వీధిదీపము వెలుగనిచో మరునాడే ఎవరో ఒకరు మీ గుమ్మము ముందు నిలబడి అడుగుదురు. కాని మన శరీరమున ఒక అవయవము కలదు. అది సగమునకు పైగా చెడిపోయినను నొప్పి తెలియనీయదు. అదియే మూత్రపిండము. ఈ అవయవమును గూర్చి శాస్త్రజ్ఞులు ఇటీవల తెలిసికొన్న సంగతులలో పంచాయతీలకు పనికివచ్చువానిని మీకు మనవి చేయుదును.

మనకు నడుమునకు ఇరుప్రక్కల రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కటి పిడికిలియంత యుండును. ఒక్కొక్కదానిలో ఇంచుమించు పదిలక్షల సన్నని జల్లెడలు పనిచేయుచుండును. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, అందులో పనికివచ్చినదంతయు తిరిగి రక్తమునకు చేర్చి, లీటరున్నర మాత్రమే మూత్రముగా బయటికి పంపును. రక్తపోటును అదుపులో ఉంచుట, రక్తము పట్టుటకు తోడ్పడుట, ఎముకలకు బలమిచ్చుట కూడ వీని పనులే.

ఈ జల్లెడలు పుట్టుకతో వచ్చినవే. పోయినవానికి బదులు క్రొత్తవి పుట్టవు. అమెరికాలోని మేయో వైద్యకేంద్ర పరిశోధకులు మూత్రపిండములను దానము చేసిన ఆరోగ్యవంతులను పరీక్షించి 2017లో ఫలితములు ప్రకటించిరి. ముప్పదియేండ్లలోపు వారిలో ఒక్కొక్క మూత్రపిండమునకు సుమారు 9 లక్షల 90 వేల జల్లెడలు ఉండగా, 70 ఏండ్లు దాటినవారిలో 5 లక్షల 20 వేలు మాత్రమే పనిచేయు స్థితిలో ఉన్నవి. ఏ రోగము లేకున్నను వయస్సే సగము జల్లెడలను తీసికొనిపోయినదన్నమాట. మూత్రపిండమునకును వార్ధక్యమునకును గల సంబంధమునకు మరియొక నిదర్శనము కలదు. 1997లో జపాను శాస్త్రజ్ఞులు క్లోథో అను జన్యువును కనుగొనిరి. అది లోపించిన ఎలుకలు చిన్నవయస్సుననే ముసలివైపోయినవి. ఆ జన్యువు ముఖ్యముగా పనిచేయు స్థలము మూత్రపిండమే.

వయస్సుతో వచ్చు ఈ తరుగుదలను ఆపలేము. కాని దానిపై మధుమేహము, రక్తపోటు, వడదెబ్బ, అనవసరపు మాత్రలు వచ్చి పడినచో, డెబ్బదియేండ్లకు రావలసిన తరుగుదల నలుబదియేండ్లకే వచ్చును. అది ఇంటికి అన్నము పెట్టు వయస్సు.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రాంతమును మీరెరుగుదురు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నులపండువుగా ఉండు సీమ అది. 2019, 2020 సంవత్సరములలో ప్రకటితమైన రెండు పరిశోధనలు అచ్చట పెద్దవారిలో దాదాపు ఐదుగురికి ఒకరు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి లోనైనట్లు చూపినవి. వారిలో అధిక సంఖ్యాకులకు మధుమేహము వంటి తెలిసిన కారణము లేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రమున వరి రైతులలోను, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెరకు నరకు కూలీలలోను ఇట్టి వ్యాధియే కనబడినది. నీటిలోని సిలికా, భారలోహములు, పురుగుమందులు, ఎండలో కఠిన శ్రమ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యము అను కారణములన్నింటిని పరిశోధకులు పరీక్షించుచున్నారు. ఏదో యొక్కటే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి.

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గమనింపుడు. సాధారణముగా మూత్రమున ఆల్బుమిన్ కనబడుటను వ్యాధికి చిహ్నముగా చూతురు. కాని ఈ తెలియని కారణపు వ్యాధిలో మొదట ఆల్బుమిన్ చాల స్వల్పముగా ఉండును, లేదా అసలే ఉండదు. రక్తపోటు కూడ పెరుగకపోవచ్చును. కావున మూత్ర పరీక్ష మంచిగా వచ్చినదని నిశ్చింతగా ఉండరాదు. రక్తములో క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూడవలెను. ఆ అంకెను, వయస్సును బట్టి వడపోత ఎంత జరుగుచున్నదో వైద్యులు లెక్కింతురు. అది మూడు నెలలకు పైగా నిమిషమునకు 60 మిల్లీలీటర్లకు దిగువగా ఉన్నచో దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణింతురు.

ఇక సూక్ష్మజీవుల సంగతి. పిల్లలకు గొంతునొప్పియో, గజ్జిపుండ్లో వచ్చినపుడు వానిలోని స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవి కారణముగా కొన్ని వారములకు మూత్రపిండములు వాచవచ్చును. ముఖము ఉబ్బుట, మూత్రము టీ డికాక్షను రంగుకు తిరుగుట దీని లక్షణములు. వెంటనే చికిత్స చేయించిన యెడల చాలమంది పిల్లలు కోలుకొందురు. ఎలుకల మూత్రము కలిసిన బురదలో పనిచేయువారికి వచ్చు ఎలుక జ్వరము సయితము మూత్రపిండములను దెబ్బతీయును. మన ప్రేవులలో నివసించు సూక్ష్మజీవులకును ఇందులో పాత్ర కలదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. అవి మాంసకృత్తులను విరుగగొట్టునపుడు పుట్టు కొన్ని విషపదార్థములను ఆరోగ్యముగానున్న మూత్రపిండములు బయటికి పంపివేయును. మూత్రపిండములు బలహీనపడినచో ఆ విషములు రక్తముననే నిలిచి, వానిని మరింత చెరచును.

మందుల విషయమున కొంత ఆశ కలిగినది. మధుమేహమునకై వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ అను మందును, మూత్రమున ఆల్బుమిన్ పోవుచున్న 4,304 మంది రోగులపై వివిధ దేశములలో పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. మూత్రపిండములు పూర్తిగా చెడుట, తత్సంబంధమైన మరణములు మొదలగు ప్రమాదములు ఆ మందు వాడినవారిలో 39 శాతము తగ్గినవి. మధుమేహము లేనివారికిని మేలు కలిగినది. వైద్యుడు వ్రాసి ఇచ్చినపుడు మాత్రమే వాడదగిన మందు ఇది. పోయిన జల్లెడలను అది తిరిగి తేలేదు. ఉన్నవానిని ఎక్కువకాలము నిలుపును. అందుచేతనే వ్యాధిని ముందుగా కనిపెట్టుట అంత అవసరము.

పంచాయతీ చేయదగిన పనులు ఏవి?

మొదటిది, పనిచోట నీడ, నీరు, విశ్రాంతి. నికరాగువా చెరకు తోటలలో కూలీలకు నీడలో విశ్రాంతి సమయము పెంచి, నీరు అందించగా, మూత్రపిండములకు కలుగు హాని గణనీయముగా తగ్గినది. ఖర్చు స్వల్పము, ఫలితము పెద్దది. వేసవిలో మీ గ్రామపు పనులు తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించునట్లు ఏర్పాటు చేయుడు. అయితే, వ్యాధి ముదిరినవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

రెండవది, నొప్పి మాత్రలు. ఒడలు నొప్పులని డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివానిని కొట్టులో కొని రోజూ మ్రింగుట మన పల్లెలలో పరిపాటియైనది. ఇవి మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును. చెమటోడ్చి ఒడలెండినవానికి ఇవి మరింత హాని చేయును. ఈ మాట గ్రామసభలో చెప్పుడు. మాత్రలు అమ్మువారికిని, సూదిమందు వేయువారికిని చెప్పుడు.

మూడవది, పరీక్షలు. 30 ఏండ్లు దాటిన ప్రతివారు రక్తపోటు, మధుమేహము చూపించుకొనవలెను. ఈ రెండింటిలో ఏదైన ఉన్నవారు, కుటుంబమున ఇదివరకే ఈ వ్యాధి ఉన్నవారు, ఎండలో కష్టించువారు ఏడాదికొకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో మాట్లాడి శిబిరము పెట్టింపుడు. ఆశా కార్యకర్త వద్ద పేర్ల పట్టిక ఉండవలెను.

నాలుగవది, మంచినీరు, పారిశుధ్యము. నీటి పరీక్షల ఫలితములను పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికి తెలియునట్లు వ్రాయింపుడు. ఎలుకలు పెరుగనీయక చెత్తకుప్పలను తొలగింపుడు.

ఐదవది, వ్యాధిగ్రస్తులకు అండ. డయాలిసిస్ సాధారణముగా వారమునకు మూడుసార్లు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు చేయవలసి యుండును. రోగికిని, వెంట పోయినవారికిని కూలి పోవును. బస్సు ఖర్చు పైన పడును. అట్టి కుటుంబములు మీ గ్రామమున ఎన్ని కలవో లెక్క తీసి, వారికి ప్రభుత్వ సహాయము అందుచున్నదా యని మీరు స్వయముగా విచారింపుడు.

సోదరులారా, సోదరీమణులారా! ఫిర్యాదు వచ్చిన పిదప చేయు పని ఒక రకము, ఫిర్యాదు రాకముందే చేయు పని మరియొక రకము. మూత్రపిండముల విషయమున రెండవదానికే ఫలితముండును. మీ తదుపరి సమావేశపు చర్చనీయాంశములలో క్రియాటినిన్ పరీక్ష శిబిరమును ఒక అంశముగా చేర్చుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.