ముందు బ్రేకులు, తక్కువ ఖర్చు

విజయవాడ ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది, గమనించారా? బరువు ముందుకు వస్తుంది. అందుకే కారును ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే.

బ్రేకు సరిగా పట్టట్లేదంటే పెద్ద డిస్కులు వేయిద్దామంటారు కొందరు. తొందరొద్దు. డిస్కు పెద్దదైతే కాలిపర్ బిగింపూ మారాలి, ఒక్కోసారి చక్రమూ మారాలి. ఖర్చు చేయి దాటుతుంది. ముందు మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. చాలా కార్లకు ఈ రెండూ చాలు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకు కొదవా? తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి. మూత మీద రాసిన రకమే పోయించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో మునిగిన బండైతే కాలిపర్ పిన్నులూ విప్పించి చూడండి. అవి తుప్పుపట్టి బిగుసుకుంటే ప్యాడ్లు ఒక పక్కే అరుగుతాయి.

ఆటోనగర్‌లో పాత సామాను చవకే. కానీ పాత ప్యాడ్లు, పాత గొట్టాలు మాత్రం వద్దు. డిస్కు మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది, మెకానిక్ చేత కొలిపించండి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద మెల్లగా కొన్నిసార్లు బ్రేకు వేసి, పట్టు కుదిరాకే బందరు రోడ్డెక్కండి.