వార్తయు, వదంతియు



పూర్వము వార్త మన రచ్చబండకు చేరుటకు ముందే విలేకరియు, సంపాదకుడును దానిని పరిశీలించెడివారు. నేడు వాట్సాప్‌లో అట్టివారు లేరు, పంపువాడే పత్రిక. 2018 జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామమున, పిల్లలనెత్తుకుపోవువారు వచ్చిరను వదంతిని నమ్మి జనులు ఐదుగురిని కొట్టి చంపిరి. వారు భిక్షాటనతో జీవించు నిరపరాధులు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది. మంచిదే, కాని ఆ ఐదుగురును మరి ఐదుగురికి పంపినచో?

ఆ యేడే తెలంగాణలోని గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి వేరు త్రోవ త్రొక్కిరి. పోలీసులు గ్రామములకు పోయి, దండోరా వేయించి, పాటలు పాడించిరి. చదువరానివారికి పాటయే పత్రిక గదా! క్రొత్తవారు కనబడినచో కబురంపుడు, చేయిచేసికొనకుడని ఇంటింటను చెప్పిరి.