దాహము వేఱు, లాభము వేఱు

(మా పట్టణ గ్రంథాలయ సంఘ వార్షికసభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసపాఠము)



సంఘమువారు నన్ను పొదుపును గూర్చి మాటలాడుమని కోరినారు. పొదుపు చేయుట యెట్లో మీకు నేను నేర్పబనిలేదు. మీ యిండ్లలోని స్త్రీలు నాకంటె బాగుగ నెఱుగుదురు. పొదుపు చేసిన సొమ్మును నీటికంపెనీలలో బెట్టవచ్చునా యను నొక్క ప్రశ్ననే నేడు విచారింపదలచితిని.

ఈ ప్రశ్న నాకు తోచినది గాదు. మా మేనమామగారు ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినారు. గడచిన మాసమున నాయన యొక కాగితముల కట్టను నా బల్లపై బెట్టి, "ఏమిరా అబ్బాయీ, బంగారము లేక బ్రతుకవచ్చును, నీరు లేక బ్రతుకగలమా? రానున్నది నీటికాటకమే యని యెల్లరును చెప్పుచున్నారు గదా! సముద్రపు నీటిని మంచినీరుగా జేయు కంపెనీకి నష్టమెట్లు వచ్చును? నా ప్రావిడెంటుఫండు సొమ్మంతయు దీనిలో బెట్టుదునా?" అని యడిగినారు.

ఆయన మాటలో సగము పరమసత్యము. నేను శుద్ధజలోద్యమమున సేవకుడనై నల్లగొండ ప్రాంతపు పల్లెలు తిరిగినవాడను. నలుబదేండ్లకే నడుము వంగి, మెడ త్రిప్పలేక, కఱ్ఱయూతతో నడచు మనుష్యులను మర్రిగూడ వైపు కన్నులార జూచితిని. ఇది క్రొత్తగా బుట్టిన పీడ గాదు. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు మండలమున ఫ్లోరైడు నీటివలన నెముకలు చెడుచున్నవని షార్టు మొదలగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. కావున దాహము నిజము; మంచినీటి యావశ్యకము నిజము. కాని యావశ్యకమైన వస్తువును అమ్మువానికి లాభము తప్పదనుట వేఱొక మాట. మామగారి తర్కమున లోపమచ్చటనే యున్నది.

ఆయనను పరిహసించు నధికారము నాకు లేదు. పదేండ్ల క్రిందట నేనును ఇంటింట నీటిశుద్ధి యంత్రములమర్చు నొక చిన్న కంపెనీలో వాటాలు కొంటిని. రెండేండ్లలో నది మూతపడెను. నన్నెవ్వరును మోసగింపలేదు. కంపెనీ ఋణమెంతయో, రావలసిన బాకీలెన్ని నెలలుగా నిలిచియున్నవో, అంతయు వారిచ్చిన పుస్తకములోనే యచ్చుపడియున్నది. కక్షిదారుల దస్తావేజులను అక్షరమక్షరము చదువు నేను, నా సొమ్మును గొనిపోవు కాగితమును మాత్రము చదువనైతిని.

ముందుగా సముద్రపు నీరు మంచినీరగు విధమును జూతము. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలదు. నీటిని పోనిచ్చి యుప్పు నాపునట్టి సన్నని పొరగుండ దానిని మిక్కిలి యొత్తిడితో నెట్టవలెను. ఇట్టి పొరను పనికివచ్చునట్లు తొలుత సిద్ధపఱచినవారు సిడ్నీ లోబు, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1960 ప్రాంతమున నీ పని జరిగెను. నీటిని నెట్టుటకు గాలి యొత్తిడికి 55 మొదలు 70 రెట్లు బలము కావలయును. లోనికి దీసిన నీటిలో సగమైనను మంచినీరు గాదు. మిగిలినది మఱింత యుప్పనై సముద్రమునకే పోవును.

ఈ బలమంతయు విద్యుచ్ఛక్తి. వేయి లీటర్లకు 3 మొదలు 4 యూనిట్లు ఖర్చగును. దినమునకు 10 కోట్ల లీటర్ల యంత్రాగారమున, వేయి లీటర్లకు మూడున్నర యూనిట్ల చొప్పున, మూడున్నర లక్షల యూనిట్లు కావలెను. యూనిటు 7 రూపాయలని లెక్కవేసికొన్నచో, దినమునకు 24 లక్షల 50 వేల రూపాయలు కరెంటుకే పోవును. కావున నీటికంపెనీలో వాటా గొన్నవాడు, తనకు దెలియకయే, కరెంటు ధరపైనను పందెము వేయుచున్నాడు.

ఆ పందెము నోడిన కథ యొకటి చెప్పెదను. సింగపూరులో ఓలివియా లమ్ అను నామె 1989లో తన యిల్లును కారును అమ్మి, 20 వేల డాలర్లతో నీటిశుద్ధి వ్యాపారము పెట్టెను. అదియే తరువాత హైఫ్లక్సు అను ప్రఖ్యాతమైన కంపెనీ యయ్యెను. సింగపూరునందలి మొదటి సముద్రజలశుద్ధి యంత్రాగారమును 2005లో నెలకొల్పినది ఆ కంపెనీయే. స్వంతముగ పెద్ద నదులులేని యా చిన్న ద్వీపమున నీరనగా దేశరక్షణతో సమానము. అట్టి దేశమున నట్టి కంపెనీకి నష్టము వచ్చునని యెవరు తలంతురు?

2011లో టువాస్ప్రింగు అను రెండవ యంత్రాగారపు పాటను హైఫ్లక్సువారే గెలిచిరి. మొదటి యంత్రాగారమున ఘనపు మీటరు నీటికి మొదటియేటి ధర 78 సెంట్లు. ఈ పాటలో 45 సెంట్లు మాత్రమే. ఇంత చవుక యెట్లు సాధ్యము? ప్రక్కనే 411 మెగావాట్ల విద్యుత్కేంద్రమును గట్టి, తమకు మిగిలిన కరెంటును బజారులో నమ్మి, ఆ లాభముతో నీటి కొఱత పూడ్చుకొందుమని వారి యెత్తుగడ. కాని విద్యుత్కేంద్రము 2016లో అమ్మకమునకు వచ్చునప్పటికి సింగపూరు బజారులో కరెంటు ధర పడిపోయియుండెను. నీరమ్మవలసిన కంపెనీ కరెంటు బేరములో మునిగెను.

ఈ పనులకు సొమ్మెచ్చటిది? 2011లో 6 శాతపు ప్రాధాన్యపు వాటాలు 40 కోట్ల డాలర్లకు, 2016లో గడువులేని 6 శాతపు పత్రములు 50 కోట్ల డాలర్లకు అమ్మిరి. కొన్నవారెవరు? ధనవంతులు మాత్రమే గారు. విశ్రాంతి పొందిన యుద్యోగులు, వృద్ధ గృహస్థులు, మా మామగారివంటివారు, సుమారు 34 వేల మంది. 2017లో కంపెనీకి తొలిసారి వార్షికనష్టము వచ్చెను. 2018 మే నెలలో కంపెనీ న్యాయస్థానపు రక్షణ కోరెను. 2019 మే నెలలో సింగపూరు ప్రభుత్వపు జలసంస్థ టువాస్ప్రింగు యంత్రాగారమును తన స్వాధీనము చేసికొనెను. ఎంత ధరకు? సున్న డాలర్లకు. యంత్రాగారము విలువ ఋణాత్మకమని తేలగా, కంపెనీనుండి తనకు రావలసిన పరిహారమును మాని, జలసంస్థ దానిని పుచ్చుకొనెను. 2021 జూలైలో కంపెనీ మూసివేతకు న్యాయస్థాన మాజ్ఞాపించెను.

ప్రజల దాహము తగ్గలేదు. నీటి సరఫరాకు భంగము రాలేదు. వృద్ధుల సొమ్ము మాత్రము పోయెను. జలసంస్థను నేను నిందింపను. దాని మొదటి ధర్మము ప్రజలకు నీరిచ్చుట. వాటాదారులను గాచుట దాని ధర్మము గాదు. నీటికంపెనీ కూలినప్పుడు ప్రభుత్వము నీటిని గాపాడును గాని కంపెనీని గాపాడవలెనను నియమము లేదు. మామగారు "నీటి నెవరు పోనిత్తురు?" అన్నప్పుడు మఱచిన సంగతి యిదియే.

సింగపూరు దూరమందురేమో. చెన్నపట్టణము దగ్గఱయే గదా. ఆ నగరపు దాహము మనకు క్రొత్తది గాదు. కండలేరునుండి పూండికి కృష్ణాజలములు పంపుటకై 1983లో ఒడంబడిక చేసికొంటిమి, 1996లో నీరు చేరెను. అదియు చాలక సముద్రమును ఆశ్రయించిరి. ఉత్తరమున మీంజూరు యంత్రాగారము 2010లోను, దక్షిణమున నెమ్మేలి యంత్రాగారము 2013లోను పనికి వచ్చినవి. ఒక్కొక్కటి దినమునకు 10 కోట్ల లీటర్లది. 2019 వేసవిలో నగరపు చెఱువులు నాలుగును ఇంచుమించు ఎండిపోయినప్పుడు ఈ సముద్రజలమే యొక యాధారమయ్యెను.

మీంజూరు యంత్రాగారమును గట్టినవారిలో మన హైదరాబాదునకు చెందిన ఐ.వి.ఆర్.సి.ఎల్. కంపెనీ యొకటి, స్పెయినుదేశపు అబెంగోవా వర్గమునకు చెందిన బెఫేసా మఱొకటి. అబెంగోవా 2015 నవంబరులో ఋణదాతలనుండి రక్షణ కోరెను. ఐ.వి.ఆర్.సి.ఎల్. 2018లో దివాలా విచారణకు వచ్చెను. 2019 జూలైలో హైదరాబాదు కంపెనీ లా ట్రిబ్యునలు మూసివేత కుత్తరువిచ్చెను. ఆ పతనమునకు నీటిపనియే కారణమని నేననను. అనేకవిధములైన పనులకై చేసిన ఋణభారమే దానిని ముంచినది. కాని వాటాదారున కా భేద మేమి యూరట? నీటిపని చూచి కొన్న వాటాయైనను, రహదారి పని చూచి కొన్న వాటాయైనను కంపెనీతో గూడ మునుగును.

ఇచట న్యాయవాదిగా ఒక్క విషయము చెప్పవలెను. 2016 నాటి దివాలా చట్టమున 53వ సెక్షను కలదు. కంపెనీ ఆస్తులమ్మగా వచ్చిన సొమ్ము నెవరికి ముందు, ఎవరికి వెనుక పంచవలెనో అది చెప్పును. మొదట విచారణ ఖర్చులు. తరువాత, సమానముగా, పనివాండ్ర 24 నెలల బాకీలును హామీగల ఋణదాతలును. పిదప ఇతరోద్యోగుల 12 నెలల జీతములు. ఆపైన హామీలేక అప్పిచ్చినవారు. ఆపైన ప్రభుత్వపు బాకీలు, వానితోడనే హామీ ఆస్తులతో తీరక మిగిలిన యప్పులు. ఆపైన తక్కిన ఋణములు. అన్నియు దీరిన పిదప ప్రాధాన్యపు వాటాదారులు. అందఱికన్న వెనుక సామాన్య వాటాదారుడు. పెండ్లిపందిరిలో కడపటి బంతిలో గూర్చున్నవానికి విస్తరి వేయుదురు గాని వడ్డన చేరునని నమ్మకము లేదు. వాటా కొనునపుడు మీరు కూర్చుండు బంతి యేదో తెలిసికొని కూర్చుండుడు.

ఇట్లని నీటిలో పెట్టినవారెల్ల చెడిరని నేను చెప్పుట లేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు సముద్రజల యంత్రాగారము 2010లో ప్రారంభమై, వానలు బాగుగ గురియగా 2012లో నిలుపుదల చేయబడెను. 2019 వఱకు దాని నీటితో పని పడలేదు. అయినను అదే 2012లో కెనడాలోని ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి, మఱియొక సంస్థతో గలసి, దానిని 50 ఏండ్ల కౌలునకు 230 కోట్ల డాలర్లిచ్చి పుచ్చుకొనెను. పనిలేక పడియున్న యంత్రమునకింత ధర యేల? యంత్రము నడచినను నడువకున్నను సిద్ధముగా నుంచినందులకే రుసుము చెల్లునని కట్టుబాటున్నది గనుక. వారు కొన్నది నీటిని గాదు, ఒడంబడికను. వారును ఉపాధ్యాయులే, మా మామగారును ఉపాధ్యాయులే. భేద మేమనగా, వారి పక్షమున కాగితము చదువువారున్నారు. అయితే ఆ రుసుము చెల్లించినది సిడ్నీ గృహస్థులు. వాన కురిసిన యేడునను వారు చెల్లింపకతప్పలేదు. పెట్టుబడిదారునకు మేలైన ఒడంబడిక పౌరునకు భారము కావచ్చును. మనము రెండును గదా!

కావున మామగారికి నేను చెప్పినది నాలుగు ప్రశ్నలు. నీరు కొనువాడెవడు, వాడు సకాలమున సొమ్మిచ్చుచున్నాడా? పురపాలక సంఘముల నుండి రావలసిన బాకీలు నిలిచినచో, లెక్కలో లాభము కనబడును గాని పెట్టెలో రూపాయి కనబడదు. రెండవది, కరెంటు ధర పెరిగిన నష్టమెవరిది? నీటి ధరతో గూడ పెరుగునని వ్రాసియున్నదా, కంపెనీయే భరింపవలెనా? మూడవది, ఋణమెంత, వడ్డీ కట్టగా మిగులునదెంత? నాల్గవది, సర్కారు నియమము మాఱినచో నేమగును? లీటరునకు 500 మిల్లీగ్రాములకన్న తక్కువ లవణములున్న నీటికి ఇండ్లలో ఆర్.ఓ. యంత్రములను నిషేధింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో నాదేశించినది. నీటి వృథాను అరికట్టుటకైన యీ యాజ్ఞను నేను మెచ్చుకొందును. కాని యా యంత్రముల కంపెనీలో వాటాలున్నవాడు దానిని ముందే యూహించి యుండవలెను.

నీటికి సొమ్మిచ్చుటకు వాటాయొక్కటే దారి గాదు. అహమ్మదాబాదు నగరపాలక సంస్థ 1998లో రాష్ట్రప్రభుత్వపు హామీ లేకయే 100 కోట్ల రూపాయల బాండ్లమ్మి నీటిసరఫరా, మురుగునీటి పనులకు వినియోగించెను. ఇందూరు నగరము 2023లో 244 కోట్ల రూపాయల బాండ్లను సామాన్య ప్రజలకు గూడ నమ్మినది. నర్మదాజలమును నగరమునకు తోడు పంపుల కరెంటు ఖర్చు తగ్గించుటకై 60 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము దాని యుద్దేశము. ఇందును ప్రమాదము లేకపోలేదు. నగరపు లెక్కలు చెడినచో బాండును చెడును. కాని యిచట అప్పిచ్చినవాడు, నీరు త్రాగువాడు, లెక్క యడుగు నోటరు ఒక్కడే. మన పట్టణములు ఇట్టి యోగ్యత సంపాదించుకొనుటకు పాటుపడవలెనని నా కోరిక.

మామగారి మాటతో ముగించెదను. ఆయన కాగితముల కట్టను తిరిగి తీసికొనిపోయి, పిల్లల పరీక్షాపత్రములు దిద్దినట్లు ఎఱ్ఱసిరాతో దిద్దినారు. వారము దినముల పిమ్మట పదునొకండు ప్రశ్నలు వ్రాసికొని ఏజంటు కడకు పోయినారు. నాలుగింటికి జవాబు వచ్చెను, ఏడింటికి చిఱునవ్వు వచ్చెను. "మార్కులు చాలలేదురా" అని యాయన నాతో నన్నారు. ప్రావిడెంటుఫండు సొమ్ము కదల్చలేదు. సంవత్సరమునకు రెండు నెలల పింఛను, పోయినను ఇల్లు జరుగునంత సొమ్ము, విడిగా నుంచి, జవాబులు చెప్పగల కంపెనీ దొరకునేమోయని యిప్పటికిని వెదకుచున్నారు.

దాహము కన్నులకు గనబడును, ఋణము కనబడదు. కనబడనిదానిని చదివి తెలిసికొనుటకే ఈ గ్రంథాలయము, ఈ చదువు.