కారుకి ర్యాప్ వేయిస్తున్నారా? ముందు కింద ఉన్న పెయింటు సంగతి చూడండి

ఈ ఎపిసోడ్‌కి కారణం మన సబ్‌స్క్రైబర్ ఒకతను పంపిన వాయిస్ మెసేజ్. తను లోన్ పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో ఒక తెల్ల సెడాన్ కొన్నాడు. ఇంకా 22 ఈఎంఐలు ఉన్నాయి. దసరాకల్లా బండిని మ్యాట్ మిలటరీ గ్రీన్‌లోకి మార్చాలట. షాపులో 70 వేలు చెప్పారు. "అన్నా, ర్యాప్ అంటే స్టిక్కరే కదా, నచ్చకపోతే పీకేస్తే పాత రంగు వచ్చేస్తుంది కదా?" అని అడిగాడు.

వస్తుంది తమ్ముడూ. కానీ ప్రతి బండికీ రాదు. ఎందుకో చెప్తా.

వినైల్ ర్యాప్ అంటే వెనకాల జిగురు ఉన్న పలచటి పీవీసీ ఫిల్మ్. ఇందులో రెండు రకాలు. మొదటిది క్యాస్ట్. పీవీసీని ద్రవంగా చేసి, దోసె పోసినట్టు పలచగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. మందం జిగురు కాకుండా సుమారు 50 మైక్రాన్లు. రెండోది క్యాలెండర్డ్. ఇక్కడ వేడి పీవీసీ ముద్దని రోలర్ల మధ్య ఒత్తి సాగదీస్తారు, చపాతీ ఒత్తినట్టు. ఒత్తిన చపాతీ కర్ర తీయగానే కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది చూశారా? ఈ ఫిల్మ్ కూడా అంతే. రోలర్ల మధ్య సాగిన సంగతి దానికి గుర్తుంటుంది. మన ఎండలో కారు వేడెక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం ముడుచుకోవాలని చూస్తుంది. అందుకే డోర్ అంచుల్లో, బంపర్ మూలల్లో లేస్తుంది. షాపుల పక్కన బోర్డులకి, బల్లపరుపుగా ఉండే చోట్లకి అది చాలు. వంపులున్న కారుకి మాత్రం క్యాస్ట్ ఫిల్మే కావాలి.

షాపుకెళ్లి "త్రీఎమ్ వేస్తారా?" అని అడిగితే సరిపోదు. పెద్ద కంపెనీలు రెండు రకాలూ అమ్ముతాయి. సిరీస్ పేరు అడగండి. త్రీఎమ్ 2080, ఎవరీ డెన్నిసన్ సుప్రీమ్ ర్యాపింగ్ ఫిల్మ్, ఇలాంటివి కారు రంగు మార్చడానికే చేసిన క్యాస్ట్ ఫిల్మ్‌లు. రోల్ డబ్బా మీద పేరు మీ కళ్లతో చూసి, ఫొటో తీసుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "పోస్ట్ హీట్ చేస్తారా?" అంటే ఫిల్మ్ అతికించాక అంచుల్ని, సాగదీసిన చోట్లని హీట్ గన్‌తో మళ్లీ వేడి చేయడం. చాలా క్యాస్ట్ ఫిల్మ్‌లకి ఇది 90 డిగ్రీల పైన చేయాలి, టెంపరేచర్ గన్‌తో కొలుస్తూ. చేత్తో తాకి "అయిపోయింది సార్" అనే షాపు నుంచి మెల్లగా బయటికి వచ్చేయండి.

సరే, ఫిల్మ్ మంచిదే, పనివాడూ మంచివాడే అనుకుందాం. ఇప్పుడు అసలు పాయింట్. ఇక్కడ రెండు పట్లు ఉన్నాయి. జిగురుకీ పెయింటుకీ మధ్య ఒకటి, పెయింటుకీ రేకుకీ మధ్య ఇంకొకటి. పీకేటప్పుడు ఏది బలహీనంగా ఉంటే అది ఊడుతుంది. కారు ఫ్యాక్టరీలో పెయింటుని 100 డిగ్రీల పైన ఓవెన్‌లో కాలుస్తారు, కాబట్టి అది రేకుని గట్టిగా పట్టుకుంటుంది. ఫిల్మ్ పీకినా పెయింటు కదలదు. యాక్సిడెంట్ తర్వాత షెడ్డులో వేసిన పెయింటు అలా కాదు. బండికి వైర్లు, ప్లాస్టిక్, సీట్లు అన్నీ ఉంటాయి కాబట్టి అంత వేడి పెట్టలేరు. కింద లప్పం ఎంత పెట్టారు, సాండింగ్ సరిగ్గా చేశారా, ప్రైమర్ వేశారా అనే దాని మీదే అంతా ఆధారపడుతుంది. బాగా చేసినవాళ్లది నిలుస్తుంది. హడావిడిగా చేసింది ఫిల్మ్‌తో పాటే వచ్చేస్తుంది.

మా పెదనాన్న కొడుకు కరీంనగర్‌లో ఒక హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. గ్రే ర్యాప్ ఉంది, చూడ్డానికి కొత్త బండిలా మెరిసిపోతోంది. ర్యాప్ ఉంది కదా అని అమ్మినాయన 30 వేలు ఎక్కువే తీసుకున్నాడు. ఆర్‌సీలో రంగు సిల్వర్. ఏడాది తర్వాత ఫిల్మ్ పీకిస్తే కుడివైపంతా శుభ్రంగా వచ్చింది. ఎడమ డోర్లు రెండూ, వెనక ఫెండరూ మాత్రం పెయింటుతో సహా అట్టలు అట్టలుగా ఊడాయి. కింద అరచేయంత మేర లప్పం. అంటే ఎడమవైపు ఎప్పుడో పెద్ద దెబ్బే తగిలింది. అన్నయ్య కొన్న రోజు ఆ సంగతి ఆ గ్రే ఫిల్మ్ వెనకాల ఉంది. పీకిన షాపు వాళ్లని తిట్టి లాభం లేదు, వాళ్ల తప్పేం లేదు. మూడు ప్యానెళ్లు మళ్లీ పెయింట్ చేయించాల్సి వచ్చింది. వదిన ఆ నెల మొత్తం ఆ బండి ఎక్కలేదు, అది వేరే కథ.

అందుకే ర్యాప్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఒక మూల కొంచెం పీకి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ధర తగ్గించుకుని ఆలోచించండి, లేదా వదిలేయండి. ర్యాప్ లేని బండికైతే పెయింట్ థిక్‌నెస్ గేజ్ పెట్టించండి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 మైక్రాన్లకి అటూఇటూ ఉంటుంది. ఒక డోర్ 110 చూపించి పక్క డోర్ 400 చూపిస్తే అక్కడ లప్పం ఉన్నట్టే. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు, అది గుర్తుంచుకోండి. గేజ్ దొరక్కపోతే బానెట్ బోల్టుల మీద పెయింటు చెదిరిందా, డోర్ రబ్బర్ల అంచున రంగు పడిందా చూడండి. ఈ మధ్యే పెయింట్ చేయించిన బండైతే కొన్ని వారాలు ఆగాకే ర్యాప్ గురించి ఆలోచించండి.

స్ప్రే చేసి పీకేసే కోటింగ్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ప్లాస్టి డిప్ లాంటివి. ఇది రబ్బరు లాంటి పొర. పలచగా కొడితే పీకేటప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చి ప్రాణం తీస్తుంది, అందుకే కోటు మీద కోటు వేయాలి. పెట్రోలు పడితే కరుగుతుంది, బంకులో పైపు నుంచి నాలుగు చుక్కలు కారినా సరే. అలాయ్ వీల్స్‌కి, గ్రిల్‌కి ఓకే. మొత్తం కారుకి నేనైతే చెప్పను. ఇంట్లో కొట్టుకునేవాళ్లు మాస్క్ లేకుండా, మూసిన గ్యారేజ్‌లో అస్సలు కొట్టొద్దు. ఆ సాల్వెంట్ ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఆర్‌సీలో రంగు అని ఒక కాలమ్ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే. అనుమతి లేని మార్పుకి 2019 సవరణలో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. "ర్యాప్ పర్మనెంట్ కాదు కదా సార్" అని షాపులో చెప్తారు. చెక్‌పోస్ట్ దగ్గర తెల్ల కారు ఆర్‌సీ పట్టుకుని పచ్చ కారులో కూర్చున్నది మీరు, ఆ షాపాయన కాదు. ముందే ఆర్‌టీఏలో అడిగి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి రంగు ఎక్కించుకోండి. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మెయిల్ పెట్టండి.

మన తమ్ముడి మిలటరీ గ్రీన్‌కి ఇంకో చిక్కు ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూల్ ప్రకారం రక్షణ శాఖవి కాని బండ్లకి ఆలివ్ గ్రీన్ పెయింట్ వేయకూడదు. "నేను వేసింది పెయింట్ కాదు, ఫిల్మ్" అని రోడ్డు మీద నిలబడి వాదించే ఓపిక ఉంటే మీ ఇష్టం. నాకైతే లేదు.

దసరా అన్నాడు కాబట్టి ఇది కూడా చెప్పాలి. మ్యాట్ ఫిల్మ్ మీద పసుపు బొట్లు పెడితే మరక మొండిగా పట్టుకుంటుంది, పాలిష్ చేసి తీసే వీలు కూడా ఉండదు. అమ్మతో ముందే మాట్లాడి బొట్లు నంబర్ ప్లేట్ దగ్గర పెట్టించుకోండి. పక్షి రెట్టలు ఆ రోజే కడగాలి. ప్రెషర్ వాష్ గన్ అంచులకి దగ్గరగా పెట్టనివ్వొద్దు. పైకప్పు, బానెట్ మీద ఎండ నేరుగా పడుతుంది కాబట్టి ముందు అవే పాడవుతాయి. ఫిల్మ్ వయసు అయిపోయాక కూడా అలాగే ఉంచితే పెళుసుబారి గోరంత ముక్కలుగా ఊడుతుంది, అప్పుడు పీకే కూలీ కూడా పెరుగుతుంది.

తమ్ముడికి నేను పెట్టిన రిప్లై ఇదీ: ముందు గేజ్ పెట్టించి నాలుగు డోర్లు, బానెట్, డిక్కీ రీడింగ్స్ పంపు. మొన్న రాత్రి పంపాడు. బానెట్ 118, మూడు డోర్లు 105 నుంచి 125 మధ్య, డిక్కీ 480. డిక్కీని ముట్టుకోవద్దన్నాను. మిగతాదానికి గ్రీన్ వదిలేసి గ్రే చూస్తున్నాడు, ఫైనాన్స్ వాళ్లకి లెటర్ పెట్టాడు. నాలుగో డోర్ రీడింగ్ ఇంకా పంపలేదు. తమ్ముడూ, ఇది చూస్తుంటే ఆ నంబర్ పంపు.