రోజూ చూసేదేగా, దానికి ఫొటో ఎందుకండీ?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



ఉదయం నుంచీ కరవు భత్యం గురించీ, మందుల బిల్లుల గురించీ విని విని అలసిపోయి ఉంటారు. భోజనాలకు ముందు కాసేపు ఫొటోల సంగతి చెప్పమనీ, "స్ఫూర్తి ఎక్కడి నుంచి వస్తుందో" కూడా చెప్పమనీ కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను స్టూడియో పెట్టినవాణ్ణి కాను, బహుమతులు పొందినవాణ్ణి అంతకన్నా కాను. ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరై, మధ్యలో జీతంలో మిగిలినదానితో ఫిల్ములు కొనుక్కున్నవాణ్ణి. కనుక ఈ మాటలు ఆ మేరకే తీసుకోండి.

నాకు ఈ మోజు పుట్టింది ఆఫీసులోనే. ఫెర్రో ప్రింట్లు ఎంతమందికి గుర్తున్నాయి? అమ్మోనియా ప్రింట్లు రాకముందు మన డ్రాఫ్ట్స్‌మన్ గారు ట్రేసింగు గుడ్డ మీద గీసిన నక్షాను, మందు పూసిన కాగితాన్ని కలిపి అద్దాల చట్రంలో బిగించి డాబా మీద ఎండలో పెట్టించేవారు. తరువాత నీళ్లలో జాడిస్తే నీలం నేల మీద తెల్లటి గీతలు తేలేవి. ఒకనాడు మిగిలిన ముక్క మీద వేపరెమ్మ పెట్టి ఎండలో ఉంచి, కడిగి, నా చేతికిచ్చారు. ఆకు అంచున ఉన్న రంపపు పళ్లతో సహా పడింది. కెమెరా లేదు, లెన్సు లేదు. ఈ పద్ధతి కనిపెట్టినవాడు జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడనీ, అది 1842లో అనీ తరువాత చదివాను. ఫొటో చెరిగిపోకుండా నిలబెట్టేందుకు హైపో వాడవచ్చునని చూపినవాడూ ఆయనే. లాకుల నక్షాలకూ, పెళ్లి ఫొటోలకూ తాత ఒక్కడేనన్నమాట.

ఆ తరువాత ఆగ్ఫా క్లిక్-3 కొన్నాను. రోలుకు పన్నెండు ఫొటోలు. పన్నెండే గనక ఒక్కొక్కటి తీసేముందు పదిసార్లు ఆలోచించేవాళ్లం. మొదటి రోలు అందరిలాగే దేవాలయ గోపురం, గోదావరి మీద సూర్యాస్తమయం, హేవలాక్ వంతెన. 1900లో కట్టడం పూర్తయి 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ పాత వంతెనను తీయనివాడు మన జిల్లాలో ఉండడు. కడిగించి చూసుకుంటే ఫొటోలు బాగానే ఉన్నాయి. అయితే అవి బజారులో అమ్మే పోస్టుకార్డుల్లాగే ఉన్నాయి. నేను తీయకపోయినా అవి ఉండేవి.

ఆ ఆలోచనే నన్ను మామూలు వస్తువుల వైపు తిప్పింది. అసలు ఫొటోగ్రఫీ పుట్టింది కూడా అక్కడే. ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. కెమెరాతో తీసి నేటికి మిగిలినవాటిలో అదే పాతది. అందులో రాజూ లేడు, కోటా లేదు. ఆయన తన మేడగది కిటికీలోంచి చూసిన గోడలు, ఇళ్లకప్పులు, అంతే. ఇంగ్లండులో టాల్బట్ 1844లో తెరిచిన తలుపుకు ఆనించిన చీపురును తీశాడు. ప్రేగ్ నగరంలో సూడెక్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తోనే పెద్ద కెమెరాలు మోశాడు. 1940 మొదలుకొని పధ్నాలుగేళ్లపాటు తన స్టూడియో కిటికీనే తీస్తూ పోయాడు. మంచు పట్టిన అద్దం, వానచుక్కలు జారే అద్దం, దానవతల వంకర చెట్టు. మనమేమో స్ఫూర్తి కోసం ఊటీ వెళ్లాలంటాం!

స్ఫూర్తి అంటే నాకు తెలిసింది ఒకటే. మన రికార్డు గదికి దక్షిణం వైపు కిటికీ ఉండేది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు గనక అందులోంచి ఎండ లోపలికి రాదు. గదంతా చీకటి, పాత కాగితాల వాసన. మార్గశిరం, పుష్యం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి దిగి, ఎండ ఏటవాలుగా బీరువాల దాకా వచ్చేది. ఎర్రటేపు కట్టిన ఫైళ్ల కట్టల మీద ధూళి బంగారంలాగా లేచేది. మహా అయితే నెలన్నర. ఏడాదిలో మిగిలిన రోజుల్లో అక్కడ ఫొటో లేదు. ఆ సంగతి తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. దాన్ని స్ఫూర్తి అంటారో, ఎదురుచూపు అంటారో మీరే పేరు పెట్టండి.

ఎండాకాలంలో ఫిల్ము కడగడం వేరే కథ. డెవలపరు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. మే నెలలో మన కుళాయి నీళ్లలో పప్పు ఉడుకుతుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఫిల్ము మీది జిలటిన్ మెత్తబడి ముడతలు పడుతుంది. అందుకని సోడా కొట్టు నుంచి ఐసుముక్క తెచ్చి, బేసినులో వేసి, అందులో డెవలపరు సీసా నిలబెట్టేవాణ్ణి. ఐసు షర్బత్‌కేమోనని పిల్లలు గ్లాసులతో చుట్టూ చేరేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1978లో సెకండ్‌హ్యాండ్ యాషికా ఒకటి చేతికొచ్చాక, పెద్ద ఇంజనీరు గారి అనుమతితో ఒక మధ్యాహ్నం మన ఆఫీసంతా తిరిగి ఒక రోలు పూర్తిచేశాను. మంచినీళ్ల కుండ, దాని మీద సత్తుగ్లాసు. వరండాలో తాపీగా బీడీ కాల్చుకుంటున్న లస్కర్లు. హాజరు పట్టీ దగ్గర తోసుకుంటున్న ముగ్గురు, అందులో ఇద్దరు ఇప్పుడు ముందు వరసలోనే ఉన్నారు. మన టైపిస్టు గారు రెమింగ్టన్‌కి రిబ్బను మారుస్తూ, వేళ్లన్నీ నల్లబడి, "రోజూ చూసేదేగా, దానికి ఫొటో ఎందుకండీ?" అని నవ్వుతుండగా నొక్కాను. జవాబు నా దగ్గర అప్పుడు లేదు. "ఊరికేనమ్మా" అన్నాను.

ఆమె 2021లో, ఆ కరోనా రోజుల్లో, వెళ్లిపోయారు. ఎవరమూ చూడడానికి కూడా వెళ్లలేకపోయాం. ఆ మరుసటేడు వాళ్లమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇంట్లో ఉన్నవి పెళ్లి ఫొటో, పదవీ విరమణ నాడు దండ వేసుకుని, శాలువా కప్పుకుని, ఎండకు కళ్లు చికిలించిన ఫొటో. "మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసింది మాస్టారూ, ఉద్యోగం చేస్తున్న ఫొటో ఒక్కటీ లేదు" అంది. బటర్ పేపరు కవర్లలో దాచిన నెగటివులు వెతికి, స్కాన్ చేయించి ఇచ్చాను. ఆ పిల్ల ముఖం వైపు కాకుండా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. "ఇంటికొచ్చి నిమ్మచెక్కతో రుద్దుకునేది. ఎందుకో మేమెప్పుడూ అడగలేదు" అంది. మా ఆవిడ కాఫీ తెచ్చిపెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచీ మన సన్మానాల గ్రూపు ఫొటోలంటే నాకు కొంచెం చిరాకు, క్షమించండి. నలభై మంది నిలబడి అందరూ ఒకేలాగా ఊపిరి బిగబట్టి ఉంటారు. ఎవరు ఏ పని చేశారో అందులో తెలియదు.

మనలో సగంమందికి కంటిశుక్లం ఆపరేషన్ అయింది. నాకూ అయింది. శుక్లం పట్టిన కటకం పసుపురంగుకు తిరిగి నీలాన్ని అడ్డుకుంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకి 1923లో ఈ ఆపరేషనే చేశారు. అది నాకైన మర్నాడు మా ఆవిడ కట్టుకున్నది నీలంచీర అని తెలిసింది. నేను ఎన్నాళ్లుగానో బూడిదరంగు అనుకుంటున్నాను. కళ్లు కొత్తవైనప్పుడు పాత ఇల్లు చూడడం లాంటి భోగం లేదు. ఆ వారం రోజులూ వంటింటి అటకనూ, దండెం మీది తువాళ్లనూ తీసి తీసి మా మనవడి ఫోను నింపేశాను. ఫోను కెమెరాకు ఫిల్ము ఖర్చు లేదు, ఐసు అక్కర్లేదు. తెల్లవారగానే ఎవరో పంపిన గులాబీపువ్వు శుభోదయం పదిమందికి తోయడానికే దాన్ని వాడుతున్నాం. రేపు మీ వాకిట్లో ముగ్గో, మీ మందుల డబ్బానో తీసి పంపండి, నాకు సంతోషం.

భోజనాలకు పిలుపు వచ్చింది. ఆ 1978 రోలు ముప్ఫయ్యారు ఫొటోలకూ ప్రింట్లు వేయించి వెనక బల్ల మీద పెట్టాను. పదకొండుమంది పేర్లు నాకు అందడం లేదు. గుర్తుపట్టినవారు ప్రింటు వెనక పేరు, సెక్షను రాయండి. పెన్సిళ్లు పక్కనే ఉన్నాయి. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందువైపుకు పొడుచుకొస్తుంది.