ఏ కుట్టు మిషన్ ఇద్దాం?

 

చౌక మిషన్లు కొంటే ఎక్కువ ఇళ్లకు ఇవ్వొచ్చు, ఫొటో కూడా నిండుగా వస్తుంది. కానీ జకాత్ సొమ్ముతో కొన్నది తీసుకున్న ఆమె సొంతం. ఆమె పనికి అది ఆగాలి. మామూలు నల్ల మిషన్ ఇంటి జాకెట్లకు చాలు. రంజాన్ ముందు బురఖాలు, జూన్‌లో స్కూల్ యూనిఫారాలు రోజంతా కుట్టేవారికి చాలదు. ప్యాంటు నడుం పట్టీ దగ్గర నాలుగైదు మడతలు పడితే సూది వంగుతుంది, కుట్టు తప్పుతుంది.

అలాగని అందరికీ ఫ్యాక్టరీ మిషనూ వద్దంటాం. జూకీ లాంటివి నిమిషానికి 5,000 కుట్లు వేస్తాయి నిజమే, కానీ నాంపల్లి గల్లీలోని ఒంటి గదిలో ఆ బల్ల పట్టాలి కదా! పాత క్లచ్ మోటారైతే కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ కరెంటు బిల్లూ అదనం. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగమూ తగ్గించుకోవచ్చు. ఆర్డర్లు ఉన్నవారికి అది. ఆల్ట్రేషన్లు, జాకెట్లు చేసేవారికి అంబ్రెల్లా మిషన్ మేలు, కరెంటు పోయినా కాలితో తొక్కుకోవచ్చు.

ఆబిడ్స్‌లో బేరానికి వెళ్లినప్పుడు కుట్టే ఆమెనే వెంట తీసుకెళ్దాం. ఆమె తెచ్చిన యూనిఫారం గుడ్డను నాలుగు మడతలు వేసి 16వ నంబరు సూదితో, పల్చటి దుపట్టాను 11తో అక్కడే కుట్టించి చూద్దాం. బాబిన్, షటిల్ దగ్గర్లో దొరుకుతాయో లేదో అడుగుదాం. ఈ ఏడాది ఒక్కో మిషన్ ఖర్చులో మోటారుకూ, మొదటి ఏడాది రిపేరుకూ కలిపి లెక్క వేశాం. మిషన్ల సంఖ్య తగ్గుతుంది, అందుకు మీ సమ్మతి కోరుతున్నాం.