పాఠం చెప్పేముందు వెనక బెంచీ

(ఒక ఆదివారం ఉదయం న్యూజెర్సీ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగం, పూర్తి పాఠం)



నేను ఉపాధ్యాయుణ్ణి కాను. పదమూడేళ్ళుగా కంప్యూటర్ కన్సల్టింగ్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి. అలాంటివాడికి టీచర్ల శిక్షణ గురించి మాట్లాడే అర్హత ఏముందని మీరు అడగొచ్చు. అర్హత లేదండీ, నా వల్ల జరిగిన తప్పొకటి ఉంది. ముందు అది ఒప్పుకుని ఆ తర్వాత విషయంలోకి వస్తాను.

2019లో మా పాప రెండో తరగతి. ఒకరోజు బడి నుంచి కాగితం వచ్చింది. ఈ సెమిస్టరులో మీ అమ్మాయి క్లాసులో ఒక స్టూడెంట్ టీచర్ ఉంటారు, కొన్ని పాఠాలు ఆవిడే చెబుతారు అని. ఆ రాత్రే ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ కొట్టాను. ఇంతింత ఆస్తిపన్ను కట్టి ఈ ఊళ్ళో ఉంటున్నది మంచి బడి కోసం గానీ, మా పిల్ల మీద ఎవరో పని నేర్చుకోవడానికి కాదని మర్యాదగానే, కాస్త ఘాటుగా రాశాను. ఆవిడ రెండు ముక్కల్లో జవాబిచ్చారు. నేను మర్చిపోయాను.

2022 సెప్టెంబరులో మా ఆవిడ స్టూడెంట్ టీచరైంది.

తను లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్ళయి ఇక్కడికొచ్చాక కొన్నేళ్ళు వీసా వల్ల, కొన్నేళ్ళు పాప వల్ల ఇంట్లోనే ఉండిపోయింది. పని చేసుకునే అనుమతి వచ్చాక సబ్‌స్టిట్యూట్ టీచరుగా అప్పుడప్పుడూ వెళ్ళేది. అది నచ్చి, టీచరు లైసెన్సు కోసం కాలేజీలో చేరింది. వింటున్న వాళ్ళలో ఇదే దారిలో ఉన్న అమ్మాయిలు చాలామందే ఉంటారు.

లెసన్ ప్లాన్ అనగానే నాకు మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు గుర్తొస్తుంది. ఒంగోలు దగ్గర పల్లెటూరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బి.ఎడ్. ట్రైనీలు వచ్చారు. చార్టులు, రంగు సుద్దముక్కలు, ఇస్త్రీ చొక్కాలు! మాకు పండగ. కాలేజీ నుంచి పరిశీలకుడు వచ్చే ముందురోజు ట్రైనీ మాస్టారు అదే పాఠం ఒకసారి మాకు చెప్పేసి, "రేపు నేను ప్రశ్న అడిగితే అందరూ చేతులెత్తండి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి" అన్నారు. మర్నాడు క్లాసంతా చేతులే. ఆయన కుడిచేతుల్నే లేపారు. పరిశీలకుడు సంతోషించి వెళ్ళాడు. నేను ఎడమచెయ్యి ఎత్తినవాణ్ణి. నాకా పాఠం ఇప్పటికీ రాదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ మాస్టారి తప్పేముందండీ? చూపించమన్నది పాఠాన్ని, ఆయన పాఠాన్ని చూపించారు. ఎడమచెయ్యి ఎత్తినవాణ్ణి ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. అప్పట్లో బి.ఎడ్. ఏడాది చదువు, అందులో బడిలో గడిపేది కొద్ది వారాలు. 2015 నుంచి దేశమంతటా బి.ఎడ్. రెండేళ్ళయింది. అందులో 20 వారాలు బడిలో ఉండాలి, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మంచి మార్పే. కానీ వారాలు పెంచినంత మాత్రాన పని అయిపోదని మా ఇంట్లోనే చూశాను.

న్యూజెర్సీలో మా ఆవిడ చేసినప్పటి నిబంధన ఇలా ఉంది. బడి పని రెండు సెమిస్టర్లు చెయ్యాలి. మొదటి సెమిస్టరులో కనీసం 175 గంటలు, అంటే వారానికి సుమారు రెండు రోజులు. రెండో సెమిస్టరులో రోజూ, టీచరు ఎంతసేపుంటే అంతసేపు. ఆ క్లాసు అసలు టీచర్ని కోఆపరేటింగ్ టీచర్ అంటారు. కాలేజీ తరఫున ఒక సూపర్‌వైజర్ అప్పుడప్పుడూ వచ్చి వెనక కూర్చుని చూసి రాసుకుంటారు. కాగితం మీద లోటేమీ లేదు.

తనకి ఏడో తరగతి లెక్కలు ఇచ్చారు. మూడో వారంలోనే కోఆపరేటింగ్ టీచర్ "ఈ పీరియడ్ నువ్వు తీసుకో" అని ఓ మూల కూర్చుని పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు. మావిడ దగ్గర ఆరు పేజీల లెసన్ ప్లాన్ ఉంది. పీరియడ్ 42 నిమిషాలు. పిల్లల పేర్లు పలకలేక హాజరుకే 8 నిమిషాలు పోయాయి. రుణసంఖ్యలు మొదలుపెట్టేసరికి ఫైర్ డ్రిల్ గంట మోగింది. ఈ రాష్ట్రంలో బళ్ళు నెలనెలా ఒక ఫైర్ డ్రిల్, ఒక సెక్యూరిటీ డ్రిల్ చెయ్యాలి. ఏ తలుపులోంచి వెళ్ళాలో తనకి తెలియదు, పిల్లలే తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక మిగిలిన కాసేపట్లో పాఠం పరిగెత్తించాలని, తల వంచుకుని కూర్చున్న ఒక అబ్బాయిని లేపి బోర్డు దగ్గరికి రమ్మంది. మన బళ్ళో అయితే అది మామూలే కదా! ఆ అబ్బాయి రాలేదు. మళ్ళీ పిలిచింది. వాడు బల్ల మీద తల పెట్టేసుకుని గంట కొట్టేదాకా ఎత్తలేదు.

ఆ అబ్బాయికి ఐ.ఇ.పి. ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి బడి ఏమేం చెయ్యాలో రాసిపెట్టిన పత్రం అది. 1975లో వచ్చిన చట్టంతో ఈ పద్ధతి దేశమంతా మొదలైంది. ముందుగా చెప్పకుండా ఆ అబ్బాయిని అందరి ముందూ ప్రశ్న అడగకూడదని అందులో రాసి ఉంది. మా ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అడగాలని తనకీ తెలియలేదు.

రెండు రోజుల తర్వాత ఆ అబ్బాయి తండ్రి రాసిన ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ తనకి చూపించారు. ఆ సాయంత్రం గరాజ్‌లో కారు ఆపి ఎంతకీ దిగకపోతే నేనే వెళ్ళాను. "ఏవండీ, నా వల్ల ఓ పిల్లాడు ఏడ్చాడు. ఇక నేను వెళ్ళను" అంది. ఉత్తరంలో ఏముందో చెబుతుంటే నాకు చెమట పట్టింది. దాదాపు నా వాక్యాలే! ఒక్కటే తేడా. ఆయన కోపానికి కారణం ఉంది, నా కోపానికి లేదు.

తర్వాతి వారం సూపర్‌వైజర్ వచ్చారు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ. అంతా విని, "రెండు వారాలు పాఠం చెప్పొద్దు. వెనక బెంచీలో కూర్చో. పుస్తకంలో మూడే మూడు రాసుకో. ఎవరు చెయ్యి ఎత్తట్లేదు, టీచరు నోరు తెరవకుండా ఏమేం చేస్తోంది, ఏ నిమిషంలో క్లాసు చేజారుతోంది" అన్నారట. కోఆపరేటింగ్ టీచర్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. పాపం ఆవిడకీ, శిక్షణలో ఉన్నవాళ్ళని ఎలా తయారుచెయ్యాలో ఎవరూ చెప్పలేదు. బాగా పాఠం చెప్పగలిగినంత మాత్రాన ఇంకొకరికి ఆ పని నేర్పడం రాదు కదా.

ఇది వినగానే నాకు మన కె.టి. గుర్తొచ్చింది. కొత్త ప్రాజెక్టులో చేరినవాణ్ణి మొదటిరోజే ప్రొడక్షన్ మీదకి వదులుతామా? ముందు పాతవాడు పని చేస్తుంటే కొత్తవాడు చూస్తాడు. తర్వాత కొత్తవాడు చేస్తుంటే పాతవాడు పక్కనుండి చూస్తాడు. ఆ తర్వాతే పాస్‌వర్డులు ఇస్తాం. యంత్రాల విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం పాతికమంది పిల్లలున్న గదిని ఎలా అప్పజెబుతామండీ?

రెండు వారాలయ్యాక మా ఆవిడ మొదటి పది నిమిషాల లెక్క మాత్రమే చేయించింది. తర్వాత ఇరవై నిమిషాలు. నవంబరుకి పూర్తి పీరియడ్. ఇంట్లో మైక్రోటీచింగ్ చేసేవాళ్ళం. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన తోటివారు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన బి.ఎడ్. కాలేజీల్లో కూడా చేయిస్తారు. ఒకే ఒక మెళకువ తీసుకుని ఆరు నిమిషాలు చెప్పడం, లోపాలు విని మార్చుకుని మళ్ళీ చెప్పడం. సోఫాలో నేనూ మా పాపా విద్యార్థులం, వాట్సాప్‌లో ఒంగోలు నుంచి మా అమ్మ. "ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పేస్తున్నావమ్మాయ్, కాసేపు ఆగు" అని మొట్టమొదట పట్టుకున్నది మా అమ్మే! బడి మొహం పెద్దగా చూడని మనిషి.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. తమ పాఠాన్ని వీడియో తీసి, దాని మీద వ్యాఖ్యానం రాసి పంపే ఎడ్‌టిపిఎ అనే పరీక్ష ఇక్కడ 2017 నుంచి ఉండేది. 2022 డిసెంబరులో చట్టం చేసి ఆ నిబంధన తీసేశారు. దాన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, తిట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం వీడియోలో ఎవరి చేతులు కనిపిస్తాయో అన్న అనుమానం పోదు. కుడిచేతులు ఎక్కడైనా బాగానే కనిపిస్తాయి.

ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు కదూ! వెనక బెంచీలో కూర్చున్న రోజుల్లో మా ఆవిడ ఒకటి గమనించింది. వాడు నోటితో చెప్పడు గానీ కాగితం మీద అందరికంటే ముందు చేసేస్తాడు. అప్పటినుంచి రేపు అడగబోయే ప్రశ్నని చిన్న చీటీ మీద రాసి ముందురోజే వాడి చేతికి ఇచ్చేది. క్రిస్‌మస్ సెలవులకి ముందు ఒకరోజు వాడే లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడట. లెక్క తప్పే చేశాడు. అయినా ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు.

టీచరు చదువు చదువుతున్న అక్కచెల్లెళ్ళకి నా మనవి ఇది. వేలిముద్రలు, టీబీ పరీక్ష లాంటి కాగితాలు అడుగుతారు, అవి అయిపోగానే సిద్ధమయ్యాం అనుకోకండి. మొదటివారంలోనే పిల్లల పేర్లు పలకడం నేర్చుకోండి. డ్రిల్ గంట మోగితే ఎటు వెళ్ళాలో అడగండి. ఏ పిల్లల విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలో మీ టీచర్ని అడగండి, విన్నది బడి గోడలు దాటనివ్వకండి. కొన్నాళ్ళు చూస్తానని ధైర్యంగా చెప్పండి. అది చేతగానితనం కాదు.

తల్లిదండ్రులకి ఇంకో మాట. మీ పిల్ల క్లాసుకి స్టూడెంట్ టీచర్ వస్తున్నారని కాగితం వస్తే, నాలా ఆ రాత్రే ఈమెయిల్ కొట్టకండి. అసలు టీచరు గదిలోనే ఉంటారా, ఎన్ని వారాలు చూశాక పాఠం అప్పజెబుతారు అని అడగండి. అడిగే హక్కు మీకుంది. జవాబు బాగుంటే ఆ కొత్త టీచరుకి రెండు ముక్కలు స్వాగతం రాయండి. మన పిల్లలకి మంచి టీచరు కావాలంటే, ఆ టీచరు ఎవరో ఒకరి పిల్లల ముందు మొదటిసారి నిలబడక తప్పదు.

2019లో నేను రాసిన ఉత్తరం ఇంకా నా మెయిల్లోనే ఉంది. ఆ అమ్మాయి దాన్ని చదివిందో లేదో నాకు తెలియదు. చదివి, కారు ఆపుకుని ఎక్కడైనా కూర్చుండిపోయిందేమో, అదీ తెలియదు. చదివి ఉంటే ఆవిడకి నా క్షమాపణ. ఆవిడకి తెలుగు రాదు, ఈ రేడియో వినదు. అందుకే మీకు చెప్పాను.